చెక్క బాట మీద చప్పట్లు

మా నగరంలో రేవు పక్కన, మడ అడవి మధ్యలోంచి వేసిన చెక్క బాటకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఎవరినీ నోరెత్తి పిలవకూడదంటారు. పిలిస్తే ఆ గొంతుని అక్కడున్నదేదో పట్టేసుకుని, ఇంకోరోజు అదే గొంతుతో మనవాళ్లని లోపలికి రమ్మంటుందట... దెయ్యాలు లేవని వాదించేవాళ్లు కూడా అక్కడ మాత్రం నోరు మూసుకునే నడుస్తారు.

ఇది మా వదిన చెప్పిన సంగతి. ఆవిడ వచ్చినవాళ్లకి ఊరు చూపించే గైడు. రేవు కూలీల ఇరుకు సందులు, కొండ మీది రంగురంగుల ఇళ్లు, దీపస్తంభం అన్నీ తిప్పి, చివరికి ఈ బాట మీదుగా ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. వదిన చప్పట్లు కొడితే వెనకవాళ్లు వరసగా అందుకోవాలి. ఆఖరి మనిషివి వినబడితే అందరూ ఉన్నట్టు.

ఆ సాయంత్రం ఆఖరి మనిషి మా అమ్మ. అత్తాకోడళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. "ఊరంతా తిరగడం కూడా ఒక ఉద్యోగమేనా, నేనూ చూస్తా" అంటూ అమ్మ బయల్దేరింది. మోకాళ్లు పీకుతున్నా కోడలి ముందు ఒప్పుకుంటుందా? మెల్లిగా వెనకబడింది.

కొండ దగ్గరే ఆలస్యమైంది. బాట మధ్యకొచ్చేసరికి చీకటి. కింద పోటు నీళ్లు చెక్కలకి తగులుతున్నాయి. వదిన గబగబా నడుస్తూనే చప్పట్లు కొట్టింది. వరసగా బదులొచ్చింది... అన్నిటికన్నా ఆఖర్న, కాస్త దూరం నుంచి, నెమ్మదైన చప్పట్లు.

అలకమీదుంది అత్తయ్య, అనుకుని వదిన సాగిపోయింది.

ఒడ్డెక్కి చూస్తే — అందరూ ఉన్నారు. అమ్మ లేదు.

వదిన "అత్త..." అనబోతే ఒడ్డున ఉన్న పడవవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిలవకమ్మా!" గుసగుసగా అన్నాడు. "నీళ్లు పైకొస్తున్నాయి. ఇప్పుడెళ్తే నువ్వూ తిరిగి రావు."

వదిన చప్పట్లు కొట్టింది.

లోపల్నుంచి బదులొచ్చింది.

"మా అత్తయ్యే!" అంటూ అతని చేతిలో టార్చి లాక్కుని పరిగెత్తింది. నీళ్లు అప్పటికే చెక్కల మీదికి ఎక్కాయి. బాట రెండుగా చీలేచోట ఆగింది. ఎటు...? చప్పట్లు, ఎడమవైపు. ఎవరూ వెళ్లని పాత బాట. నాలుగడుగులు వేసింది... మళ్లీ చప్పట్లు... ఈసారి బాగా దగ్గరగా —

టార్చి వెలుగులో అమ్మ కనబడింది. విరిగిన చెక్కల్లో కాలు ఇరుక్కుని, నడుము దాకా నీళ్లలో ఉంది.

వదిన బావురుమంటూ ఆ కాలు బయటికి లాగింది. "చప్పట్లు ఆపకుండా కొట్టి బతికిపోయారు అత్తయ్యా! అవి వినబడకపోతే మిమ్మల్ని ఇటు వెతికేదాన్నే కాదు..."

అమ్మ ఇంకా పక్కనున్న కమ్మీని వదల్లేదు. రెండు చేతులూ దానికి బిగుసుకుపోయి ఉన్నాయి.

"నేనెక్కడ కొట్టానే పిల్లా?" అంది గొణుగుతూ. "చెయ్యి వదిలితే కొట్టుకుపోనూ? ఇందాకట్నుంచీ నాకు తోడుండి ఆవిడే కొట్టింది, పాపం... అదిగో, నీ వెనకే నిలబడింది."