ఏసీ పాడైన కొలతల గది

"మీ మెషీన్ అబద్ధం చెబుతోందండీ!"

కొలతల గదిలోకి వస్తూనే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. ప్రద్యుమ్నకి ఒళ్ళు మండింది. జగ్గయ్యపేట దగ్గర పంపుల విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీలో తను నడిపే కొలతల మెషీనంటే అతనికి ప్రాణం. దాని ప్రోబ్ మొన ఇనుపముక్కని అలా తాకితే చాలు, మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా, మైక్రాన్లలో లెక్క చెబుతుంది.

"అది జర్మనీదండీ."

"జర్మనీదైతే ఉక్కపొయ్యదా? ఏసీ పాడైందటగా!"

ఆమె పేరు సంయుక్త. నందిగామ నుంచి ఎంటెక్ ప్రాజెక్టు కోసం వచ్చింది.

"ఒకే కొలతని కంప్యూటర్లో వేలసార్లు తీయిస్తా. ఒకసారి గది వేడి మారుస్తా, ఇంకోసారి ప్రోబ్ తాకే చోటు జరుపుతా. జవాబులు ఎంత చెదిరితే మీ కొలతకి అంత అనుమానం ఉన్నట్టు. డేటా ఇస్తారా?"

"వీడియో గేములకి మా డేటా ఇవ్వమండీ."

ఆమె మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడే లేత్ పనివాడు జ్ఞానయ్య పంపుల కోసం చేసిన ఇనుప బుష్‌లు హద్దు కన్నా ఆరు మైక్రాన్లు ఎక్కువొచ్చాయి. ఇక పనిలోకి రావద్దన్నాడు మేనేజరు. జ్ఞానయ్య వచ్చి కొలతల గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నా చెయ్యి అంత తప్పిందంటావా బాబూ?"

ఏసీ లేని గది ఉక్క ప్రద్యుమ్నకి అప్పుడు గుర్తొచ్చింది. డేటా పట్టుకుని తనే ఫ్యాక్టరీలో సంయుక్తని వెతుక్కుంటూ వెళ్ళాడు.

"నవ్వరు కదా?"

"ముందు కూర్చోండి. నవ్వడం తర్వాత."

సాయంత్రానికి తెర మీద చుక్కలు పరుచుకున్నాయి. జవాబులు అటూ ఇటూ పది మైక్రాన్ల దాకా చెదిరాయి.

"అంటే... ఆయన తప్పు చేశాడని నేను చెప్పలేను," అన్నాడతను.

"చెయ్యలేదనీ చెప్పలేం. గది చల్లబరిచి మళ్ళీ కొలవాలి."

ప్రద్యుమ్న తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. "నా కొలత నమ్మి ఆయన్ని పంపించెయ్యకండి సార్."

మేనేజరు కేకలేశాడు, చివరికి ఏసీ బాగుచేయించాడు. మళ్ళీ కొలిస్తే బుష్‌లన్నీ హద్దులోనే ఉన్నాయి.

ఆదివారం జ్ఞానయ్య వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచాడు. ఆయన భార్య సువార్తమ్మ కోడికూర కొసరి కొసరి వడ్డించింది. వెళ్ళేముందు ఇద్దరి తలల మీదా చేతులుంచి కళ్ళు మూసుకుంది.

"మా ఇంటి పొయ్యి ఆరకుండా చూశారు. ప్రభువు మీ కాపురాన్ని చల్లగా చూడాలి."

సంయుక్త తలెత్తలేదు. ప్రద్యుమ్న గుమ్మం బయట చెప్పులు వెతుక్కోసాగాడు.

బస్టాండు చేరేసరికి వాన అందుకుంది. ఇద్దరూ ఒకే రేకుల చూరు కింద నిలబడ్డారు.

"మీరు లేకపోతే ఆయన ఉసురు నాకు తగిలేది. చాలా థ్యాంక్సండీ," అన్నాడతను.

"సరే గానీ, మనకి పెళ్ళి కాలేదని ఆవిడకి చెప్పలేదేం?"

"అంత మంచి దీవెన... కాదనబుద్ధి కాలేదండీ. మరి మీరెందుకు చెప్పలేదు?"

ఆమె చున్నీ అంచు పిండుకుంటూ అతనివైపు ఒక్క చూపు చూసింది. నందిగామ మీదుగా వెళ్ళే విజయవాడ బస్సు వచ్చి ఆగింది. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"వచ్చే ఆదివారం నందిగామ రండి. నాన్నగారు ఇంట్లోనే ఉంటారు."