నాలుగో అంతస్తులో ఉచిత సలహా

'లిఫ్టు పనిచేయదు' అని నేను తగిలించిన బోర్డు మీద ఎవరో ఇంకో కాగితం అంటించారు. 'తక్కువ ఖర్చుతో ఆరోగ్య బీమా. సలహా ఉచితం. నాలుగో అంతస్తు.'

దాని ముందు ఏడుగురు నిలబడి ఉన్నారు. నాలుగో అంతస్తు అని చదివారు, లిఫ్టు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ లిఫ్టు బాగుచేయాల్సిన నేను కింద గుంతలో గ్రీజు పూసుకుని ఉన్నాను.

"ఎవరండీ ఇది అంటించింది?" అన్నాను తల పైకెత్తి.

"నేనే. ఏం, అడ్డమా?"

మెట్లు దిగుతూ ఒక అమ్మాయి. చంకలో ఫైళ్ళు, చేతిలో టేపు, చెవి వెనక పెన్ను.

"దాని కింద నా బోర్డు ఉంది."

"లిఫ్టు పనిచేయదని బోర్డు చూసి తెలుసుకోవాలా? మూడు రోజులుగా నా మోకాళ్ళు చెబుతూనే ఉన్నాయి."

ఏడుగురిలో ఇద్దరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. గుంతలోంచి పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగాను.

"ఉచితం అని రాశారు. మరి మీకు జీతం ఎవరిస్తారు?"

"టౌన్ మున్సిపల్ ఆఫీసు."

"బీమా కంపెనీలు ఏమీ ఇవ్వవా?"

"చిల్లిగవ్వ కూడా ఇవ్వవు. మీరు లిఫ్టు బాగుచేసి ఎక్కమంటే కూడా జనం ఇన్ని ప్రశ్నలు వేస్తారా?"

"వేస్తే సంతోషిస్తాను. వేయనివాళ్ళను చూస్తేనే నాకు భయం."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి పక్క గోడకు అంటించింది. "సరే, డౌటుగారూ. మీ బోర్డు మీకు, నా గోడ నాకు," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. చెవి వెనక పెన్ను కింద పడింది. తీసి ఇద్దామనుకున్నాను గానీ, పిలిచి ఇంకో మాట అనిపించుకోవడం ఎందుకని జేబులో వేసుకున్నాను.

నా అనుమానం ఊరికే వచ్చింది కాదు.

మా ఊరు ఒకప్పుడు ఒక రేవు, రెండు వీధులు. పదేళ్ళలో సముద్రం ఒడ్డంతా అపార్టుమెంట్లు లేచాయి. ఉప్పుగాలికి లిఫ్టులు తుప్పు పడతాయి కాబట్టి నాకు పనికి లోటు లేదు. పెద్ద ఆసుపత్రులూ వచ్చాయి, వాటితోపాటే పెద్ద రేట్లూ వచ్చాయి. నాలాగా సొంతంగా పనిచేసుకునేవాళ్ళకు బీమా అనేది షాపు అద్దంలోంచి చూసి వెళ్ళిపోయే వస్తువైంది.

నాన్నకు మాత్రం ఒక పాలసీ ఉండేది. మాకు వరసకు బాబాయి అయ్యే ఏజెంటు ఇప్పించాడు. ఆయనే ఫారం నింపాడు, నాన్న సంతకం పెట్టాడు. గుండె ఆపరేషన్ అయ్యాక కంపెనీ ఒక్క పైసా ఇవ్వలేదు. బీపీ ఉందా అన్నచోట బాబాయి 'లేదు' అని టిక్కు పెట్టాడట. నాన్న ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు. బాబాయి ఫోన్ నంబరు మార్చేశాడు. ఆనాటి నుంచి ఎవరైనా నవ్వుతూ ఫారం చాపితే నా చేయి జేబులోంచి బయటికి రాదు.

కానీ అమ్మకు ఆయాసం. కొత్త ఫ్లాట్లకు కర్టెన్లు కుడుతుంది. రోజంతా గుడ్డల దుమ్ము. ఈ మధ్య రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుంటోంది.

సరిగ్గా అప్పుడే తెల్లచొక్కా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా తప్ప ఆ మనిషి గురించి నాకేమీ గుర్తులేదు. మిగతా అందరికంటే సగం ధరకే పాలసీ అన్నాడు. ఆ కాగితాలు పట్టుకుని నేను నాలుగో అంతస్తు ఎక్కాను. కొందామని కాదు. ఈ అమ్మాయి ఏం చెబుతుందో, అతను ఏం చెప్పాడో, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరిది అబద్ధమో తేల్చుకుందామని.

ఆమె పద్నాలుగు పేజీలూ చదివింది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, "ఇంట్లో ఎవరికైనా ముందు నుంచీ ఏ జబ్బయినా ఉందా?" అంది.

"లేదు."

"అమ్మగారికి?"

"లేదన్నానుగా."

"మీరు అబద్ధం చెబుతున్నారు."

నేను కుర్చీలోంచి లేచాను. "అదెలా తెలిసింది?"

"గోడ మీద కాగితం అంటిస్తేనే అన్ని ప్రశ్నలు వేసిన మనిషి ఒక్క మాటతో సరిపెట్టారు. కూర్చోండి. ఇందులో పాత జబ్బులకు నాలుగేళ్ళ దాకా ఏమీ రాదు. అందుకే సగం ధర. తీసుకోవద్దు."

"మరి ఏది తీసుకోవాలి?"

"టౌన్ ఆఫీసు పథకం ఒకటుంది. మీ ఆదాయాన్ని బట్టి సగం పైగా వాళ్ళే భరిస్తారు. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కానీ నిజం రాయాలి. ఈ నెలాఖరుతో చేర్చుకోవడం ఆపేస్తారు."

నెలాఖరు అంటే ఇంకా పదకొండు రోజులు. తొందరపెట్టేవాళ్ళను నమ్మొద్దని నాన్న విషయంలోనే నేర్చుకున్నాను. "ఆలోచిస్తాను," అన్నాను.

"ఆలోచించండి. వెళ్ళేముందు నా పెన్ను ఇచ్చి వెళ్ళండి. మీ జేబులో కనిపిస్తోంది."

అప్పటి నుంచి ఏదో ఒక పని మీద నాలుగో అంతస్తు దాకా వెళ్ళడం మొదలైంది. తలుపు రాసుకుంటోందనో, బటన్ లైటు వెలగడం లేదనో. వెళ్ళినప్పుడల్లా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఆమె జవాబు చెప్పి, "ఇంకా?" అనేది. పథకానికి అమ్మ కాగితాలు తెస్తానని కూడా చివరికి అన్నాను. ఒకరోజు ప్రశ్నలు అయిపోయాయి. వానలో తడిసిన కిటికీ అద్దం వైపు ఇద్దరం కాసేపు ఊరికే చూశాం. ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మ, "ఏంటిరా, ఒక్కడివే నవ్వుతున్నావ్?" అంది.

మర్నాడే నా కళ్ళు తెరుచుకున్నాయనుకున్నాను.

బస్టాపు పక్క టీ కొట్లో ఆమె, ఎదురుగా తెల్లచొక్కా. అతను టేబుల్ మీద ఒక లావుపాటి కవరు పెట్టి ముందుకు జరిపాడు. ఆమె లోపలికి తొంగి చూసి, లెక్క సరిపోయిందన్నట్టు తల ఊపి, సంచిలో పెట్టుకుంది.

ఇద్దరూ ఒకే తాను ముక్కలు. ఒకరు సగం ధర చూపించి ఆశపెట్టడం, ఇంకొకరు కాపాడినట్టు నటించి తమ దాంట్లో చేర్చుకోవడం. నా కథలో నేనే మళ్ళీ నాన్ననయ్యాననిపించింది. కోపం కన్నా ముందు ఇంకేదో బాధ వచ్చింది. దాని పేరు నాకు అప్పుడు తెలియదు.

మూడు రోజులు నాలుగో అంతస్తు వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు ఆమే కిందికి వచ్చింది.

"ఏమైంది మీకు? అమ్మగారి కాగితాలు తెస్తానన్నారు."

"తేను. టీ కొట్లో చూశాను."

"ఏం చూశారు?"

"కవరు."

ఆమె ముఖం వాడిపోయింది. "చూసినవాళ్ళు ఏంటని అడగొచ్చుగా."

"అడిగితే నిజం చెబుతారా?"

"మొన్నటిదాకా అయితే చెప్పేదాన్ని," అని వెనక్కి తిరిగింది. ఈసారి మెట్లు నెమ్మదిగా ఎక్కింది.

ఇంటికెళ్ళి అమ్మకు జరిగిందంతా చెప్పి, ఆ పథకమూ వద్దు, ఏదీ వద్దు అనేశాను. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఊఁ," అంది. మా అమ్మ 'ఊఁ' అంటే సరే అని కాదని ముప్పై ఏళ్ళుగా చూస్తూ కూడా ఆ రోజు పట్టించుకోలేదు.

నెలాఖరు రోజు పొద్దున్నే లిఫ్టు బ్రేకు అరిగిపోయి కనిపించింది. మార్చక తప్పదు, సాయంత్రం దాకా లిఫ్టు కదలదు. పది గంటలకల్లా కింద హాల్లో జనం. ముసలివాళ్ళు, కర్ర పట్టుకున్నవాళ్ళు, నిండు గర్భిణి ఒకామె. అందరికీ అదే చివరి రోజు. అందరూ నా వైపే చూస్తున్నారు.

పైనుంచి టకటకా చప్పుడు. ఆమె కుర్చీ మోసుకుంటూ దిగుతోంది. దాన్ని గోడ పక్కన పెట్టి మళ్ళీ పైకి పరిగెత్తింది. కంప్యూటరు తెచ్చింది. మూడోసారి బల్లతో మెట్ల మలుపులో ఇరుక్కుంది.

నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.

"మీరు నన్ను నమ్మరుగా," అంది రొప్పుతూ.

"బల్లను నమ్ముతాను. కాస్త ఎడమకి తిప్పండి."

హాల్లో బల్ల వేశాం. నేను లిఫ్టు దగ్గర పనిలో పడ్డాను. వినకూడదనుకుంటూనే ప్రతి మాటా వింటున్నాను. మధ్యాహ్నం దాటాక బాగా తెలిసిన గొంతు వినపడి, చేతిలో పానా జారిపోయింది.

"ఆయాసం ఎనిమిదేళ్ళుగా ఉందమ్మా. ముందు దాచాను, వాడు కంగారుపడతాడని. వాడు మీ దగ్గర దాచాడు, మీరు ఎక్కువ డబ్బు అడుగుతారని. దాచుడు మా ఇంటి రోగం. అది కూడా రాసుకో."

క్యూలో మా అమ్మ. తొమ్మిది మంది వెనక నిలబడి వచ్చింది.

ఆమె నవ్వు ఆపుకుంటూ, "రాసుకున్నాను ఆంటీ. ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది.

"కొడుకు. పెళ్ళి కాలేదు. అనుమానం మనిషి."

"అది ముందు నుంచీ ఉన్న జబ్బేనా?"

"పుట్టుకతో కాదు తల్లీ. వాళ్ళ నాన్న పోయాక వచ్చింది."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. నా వైపు చూడలేదు గానీ, చూడకపోవడం నాకు తెలిసింది.

అప్పుడే తెల్లచొక్కా హాల్లోకి వచ్చాడు. క్యూ పొడవునా నడుస్తూ, సగం ధర, ఏ ప్రశ్నలూ ఉండవు అంటూ కాగితాలు పంచాడు. ఆమెను చూసి అందరికీ వినపడేలా, "ఈ అమ్మాయికి పని నేర్పింది నేనే. నా దగ్గర ఏడాది చేసింది. అడగండి," అన్నాడు.

"నిజమే," అంది ఆమె. లేవలేదు, గొంతు పెంచలేదు. "జబ్బుల గడిలో అందరికీ 'లేదు' అని టిక్కు పెట్టమన్న రోజున మానేశాను. నా సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఎనిమిది నెలలు తిప్పారు. మొన్న టీ కొట్లో కవర్లో పెట్టి ఇచ్చారు. థాంక్స్ అండీ."

తెల్లచొక్కా పంచిన కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీదికి తిరిగొచ్చాయి. ముందుగా అమ్మ ఇచ్చింది. అతను వాచీ చూసుకుని ఏదో పనున్నవాడిలా వెళ్ళిపోయాడు.

సాయంత్రం బ్రేకు బిగించి, మూడుసార్లు పరీక్షించి, బల్లను లిఫ్టులోనే పైకి చేర్చాను. లోపల ఇద్దరమే.

"తప్పు నాదే," అన్నాను. "అడగాల్సింది."

"అడగాల్సింది," అంది ఆమె. వెలిగే అంతస్తుల నంబర్లు చూస్తూ నిలబడింది. నాలుగు అంతస్తులు అంత పొడుగుంటాయని నాకు అంతకుముందు తెలియదు.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున, గుడ్డ కత్తిరిస్తూ అమ్మ కూలబడింది. ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. లోపలికి తీసుకెళ్ళాక ఆలోచించకుండానే ఒక నంబరు నొక్కాను. అది ఆమెది.

ఇరవై నిమిషాల్లో వచ్చింది. తడిసిన గొడుగు, చంకలో అమ్మ ఫైలు. నా పక్కన బెంచీ మీద కూర్చుంది. మూడు రోజులూ పని అవగానే వచ్చి అలాగే కూర్చుంది.

ఇంటికి పంపేరోజు కౌంటరులో గుమాస్తా, "అయిపోయిందండీ. ఇక్కడ సంతకం పెట్టండి చాలు," అన్నాడు.

"మళ్ళీ ఒకసారి చూడండి. పాత జబ్బు అది."

"చూశానండీ. అదే రాసి ఉంది. బిల్లుకు పథకంవాళ్ళు ఒప్పుకున్నారు."

"ఇంకొక్కసారి."

గుమాస్తా ఆమె వైపు జాలిగా చూశాడు. నేను సంతకం పెట్టి బెంచీ దగ్గరికి వచ్చాను. నాన్న అప్పుడు ఇలాంటి కౌంటరు ముందే నిలబడ్డాడని గుర్తొచ్చి కళ్ళు నిండాయి. తుడుచుకుంటూనే చెప్పేశాను. "మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకోవాలని ఉంది."

ఆమె ఒళ్ళో ఉన్న ఫైలు మూసి పక్కన పెట్టింది.

"ఆసుపత్రి బెంచీ మీద చెప్పే మాట నేను నమ్మను," అంది. "అది కృతజ్ఞతో, భయం తీరిన సంతోషమో మీకే తెలియదు. పది రోజులు ఆగండి. అమ్మగారు కోలుకున్నాక కూడా అదే అనిపిస్తే రండి. అనిపించకపోతే నేనేమీ అనుకోను."

"మీరూ అనుమానం మనిషేనా?"

"మీకంటే ఎక్కువ. బయటికి చెప్పను, అంతే."

పది రోజులు లెక్కపెట్టడం నాకు అవసరం రాలేదు. అమ్మే గోడ మీద క్యాలెండరులో కొట్టేస్తూ వచ్చింది. పదో రోజు వాన. ఆమె ఆఫీసు మూసి సముద్రం పక్క రోడ్డు మీదికి వచ్చేసరికి నేను ఎదురుగా ఉన్నాను.

"అదే అనిపిస్తోంది," అన్నాను. "ఇంకా ఎక్కువగా."

ఆమె గొడుగు కొంచెం నా వైపు వంచింది. ఇద్దరికీ చాలలేదు, ఇద్దరం చెరో సగం తడిశాం.

"నాకూ ఈ పది రోజులూ ఒక అనుమానం," అంది. "మీరు నచ్చి మీ అమ్మగారు నచ్చారా, అమ్మగారు నచ్చి మీరు నచ్చారా అని."

"తేలిందా?"

"మొదట అమ్మగారే. ఆ రోజు క్యూలోనే." నడుస్తూ నా చేయి పట్టుకుంది. "మీరు తర్వాత. మెల్లగా. కానీ ఇప్పుడు మీరే ముందు."

ఇంటి తలుపు తెరిచిన అమ్మ మా ఇద్దరినీ, కలిసి ఉన్న చేతులనూ చూసింది. ఆమెకు తువ్వాలు అందించి, "తల తుడుచుకో తల్లీ. మీ వాళ్ళతో ఎప్పుడు మాట్లాడమంటావు?" అంది.

ఆమె జుట్టు తుడుచుకుంటూ, "రేపే రండి అత్తయ్యా," అంది.