పదిహేడో రూలు కొట్టేసిన రోజు

ఆదివారం మధ్యాహ్నం బైండింగు షాపులో కూర్చుని చూశారా ఎప్పుడైనా? అంత ప్రశాంతమైన చోటు ఇంకోటి ఉండదు. కటింగు మిషను నిద్రపోతుంటుంది. అట్టల దొంతరలు గోడకి జారగిలబడి ఉంటాయి. మైదా జిగురు వాసన, కొత్త కాగితం వాసన కలిసి ముక్కుకి హాయిగా తగులుతుంటాయి. షట్టరు నడుమెత్తు దాకా దించి పెడితే, వీధిలో చప్పుడు కూడా తల వంచుకుని లోపలికి వస్తుంది.

ఆ షాపు ఓనరుని అందరూ రూళ్ళకర్ర అనేవాళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటాడని కొంత, రూల్సు పిచ్చి ఉందని మిగతా అంతా. బైండింగు ఆయనకి కూడు పెట్టేది, రక్తపిశాచాల ఆట ఊపిరి పోసేది. ఆ ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు లెండి. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలో వేషం, అంటే పిశాచో, వేటగాడో, సన్యాసినో అయ్యి నోటితోనే ఆడతారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. మూడు ఊళ్ళలో మూడు బల్లలు, అన్నిటికీ కథ మాత్రం ఒకటే. ఇక్కడ చచ్చిన పిశాచి అక్కడ బతికుండటానికి వీల్లేదు. కాబట్టి రూల్సూ ఒకటే, రాసేవాడూ ఒకడే. పదకొండేళ్ళ నుంచీ.

ఆ పదకొండేళ్ళూ ఇప్పుడు గంగలో కలిసేలా ఉన్నాయి. కలిపేది సొంత బావమరిది.

బావమరిది స్కూటర్ల మెకానిక్కు. మంచివాడే గానీ, తలుపు తట్టడమనే విద్య నేర్వలేదు. ఎవరింటికెళ్ళినా చెప్పులతోనే సరాసరి వంటింట్లో దూరి మూతలు తీసి చూసే రకం. అక్కగారింట్లో అయితే పొయ్యి దగ్గరున్న మూడు గిన్నెల మూతలూ వరసగా లేపి, ఆ తర్వాతే 'అక్కా, బాగున్నావా' అనేవాడు. "వీడికి గుమ్మం అంటే గోడకి పడ్డ కన్నం" అని తిడుతూనే ఆవిడ వడ్డించేది.

ఆటలో నమ్మకశక్తి అని ఒకటుంది. గట్టి నమ్మకం ఉన్నవాడు అరచెయ్యి చాపితే పిశాచి ఆగిపోవాలి. దేని మీద నమ్మకమో మాత్రం రూల్సులో లేదు. బావమరిది ఆ సందులో స్కూటరు తోలాడు. "నా వేటగాడికి దేవుడి మీద కాదు బావా, స్కూటరు మీద నమ్మకం" అని చెయ్యి చాపి, రెండో ఊరివాళ్ళు తొమ్మిదేళ్ళు పెంచుకున్న పిశాచరాజుని పాచిక విసిరి పడగొట్టాడు. రెండో ఊరు భగ్గుమంది. మూడో ఊరు వంతపాడింది. ఆదివారం సాయంత్రం ఐదు లోపల కొత్త రూలు రాకపోతే మీ ఆటకో దణ్ణం, అని రెండు ఊళ్ళవాళ్ళూ కబురెట్టారు.

ఇంకేముంది, ఆ మధ్యాహ్నం రూళ్ళకర్ర తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మేనకోడలు, తన సొంత అక్క కూతురు. ఆటలో ఆ పిల్లది సన్యాసిని వేషం, ఆయన చెప్పింది లాప్‌టాప్‌లో ఎక్కించేదీ తనే. అట్టల కట్ట మీద కాళ్ళూపుతూ బావమరిది.

"రాయమ్మా. నమ్మకం ప్రాణంలేని వస్తువు మీద ఉండకూడదు."

"నా స్కూటరుకి ప్రాణం లేదని ఎవరన్నారు బావా? పొద్దున్నే దగ్గుతుంది కూడా."

"కొట్టెయ్. నమ్మకం మనిషికన్నా గొప్పదాని మీద ఉండాలి."

"నా స్కూటరు మా షెడ్డు ఓనరు కన్నా గొప్పది."

"ఒరేయ్, నువ్వు బండ్లు బాగుచేస్తావా, చెడగొడతావా?"

మేనకోడలు నవ్వాపుకుంది. నాలుగుసార్లు రాశారు, నాలుగుసార్లు కొట్టేశారు. గడియారం ముల్లు ఐదుకి పది నిమిషాల దూరంలోకి వచ్చింది. రూళ్ళకర్ర బల్ల మీద గుద్దాడు.

"ఇదే ఆఖరు. రాయి. వేషానికి నమ్మకం ఉంటే చాలదు. ఆడే మనిషి కూడా ఆ క్షణాన నిజంగా నమ్మాలి."

బావమరిది కాళ్ళూపడం ఆపేశాడు. మేనకోడలు మాత్రం టైపు చెయ్యలేదు.

"మరి పదిహేడో రూలు, మామయ్యా?"

అది రూల్సు రూళ్ళకర్ర చేతికి రాకముందు, ఆట మొదలెట్టిన పెద్దాయన రాసింది. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసిన మనిషి, పోయినేడాదే పోయాడు. ఆట ముందు అందరూ పైకి అనాలి: 'ఇది ఆట. నేను నమ్మను.' దాని కింద ఆయనే ఎర్రసిరాతో, రెండు గీతలు గీసి మరీ, 'ఇది తీయొద్దు' అని రాశాడు. ఎందుకని అడిగితే మంచినీళ్ళు తాగి మాట మార్చేవాడు.

"ముందు నమ్మనని చెప్పి, తర్వాత నిజంగా నమ్మాలంటే కుదరదు కదా."

"అయితే పదిహేడు కొట్టెయ్."

"ఆయన తీయొద్దన్నారు…"

"కారణం రాశాడా? రాయలేదు! చచ్చిపోయినాయన గీసిన గీత కోసం బతికున్న ఆటని చంపుకోమంటావా? కొట్టెయ్, పంపెయ్!"

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్న సామెత వినే ఉంటారు. ఆ పిల్ల కొట్టేసింది, పంపేసింది.

"టెస్టు చెయ్యకుండానే పంపావా బావా? రిపేరు చేసిన బండిని ఒక రౌండు తిప్పి చూడాలా వద్దా?" బావమరిది లేచాడు. "నేను బయట పిశాచిని. పిలిస్తే తప్ప గుమ్మం దాటను. సన్యాసిని ఆపాలి, సరేనా?"

వాన అప్పుడే మొదలైంది. అతను ఈల వేసుకుంటూ, వంగి షట్టరు కింద నుంచి బయటికి వెళ్ళాడు.

మేనకోడలు గుమ్మానికి ఎదురుగా నిలబడి అరచెయ్యి చాపింది.

"నిజంగా నమ్మాలి కదూ… బయట ఉన్నది బాబాయ్ అని నమ్మనా, పిశాచి అని నమ్మనా?"

"అదేం ప్రశ్నే?"

"పిశాచే లేకపోతే నా చెయ్యి ఆపేది దేన్ని?"

రూళ్ళకర్ర అసలే చిరాకు మీదున్నాడు. "పిశాచే అనుకో తల్లీ. నేనూ అనుకుంటా. కానీయ్ తొందరగా." అని, మాట ఇచ్చాక తప్పే అలవాటు లేదు కాబట్టి, కళ్ళు మూసుకుని నిజంగానే అనుకున్నాడు.

ఈల ఆగిపోయింది.

మధ్యలో… ఊపిరి తెగినట్టు.

వాన చప్పుడు అలాగే ఉంది. జిగురు వాసన మాత్రం పోయింది. దాని బదులు, ఏళ్ళ తరబడి తెరవని ఇనప్పెట్టె మూత లేపినట్టు… చల్లటి తుప్పు వాసన.

షట్టరు మీద చప్పుడు. టక్… టక్… టక్.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. బావమరిది తలుపు తట్టడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"రమ్మంటావా బావా?"

గొంతు అతనిదే. షట్టరు కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి. అతని పాంటే, గ్రీజు మరకతో సహా. నీలం పట్టీల చెప్పులు. బయట కుండపోత. ఆ చెప్పులు పొడిగా ఉన్నాయి.

"ఒరేయ్, వేషాలు చాలు గానీ రా…" అనబోతుంటే మేనకోడలు ఎడమచేత్తో ఆయన నోరు మూసేసింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"అనకు మామయ్యా," గుసగుసలాడింది. "నా చెయ్యి… దేన్నో ఆపుతోంది. బరువుగా ఉంది. దించుదామన్నా దిగట్లేదు."

"రమ్మంటావా బావా?"

అదే మాట. అదే విరుపు. రికార్డు తిప్పి వేసినట్టు.

రూళ్ళకర్ర షట్టరు వైపు తిరిగి అన్నాడు. "ఇది ఆట… నేను నమ్మను." మేనకోడలూ అంది. మళ్ళీ అన్నారు. మూడోసారీ అన్నారు. కాళ్ళు కదల్లేదు. తన నోటితో కొట్టెయ్యమన్న రూలు… ఇప్పుడు అక్కరకొస్తుందా?

లాప్‌టాప్ కిణుక్కుమంది. రెండో ఊరి నుంచి.

'కొత్త రూలు భేష్. ఇప్పుడే ఆడి చూశాం. ఒక్క సందేహం. గుమ్మంలో మా వాడు నిలబడ్డాడు. పిలవమంటున్నాడు. పిలవొచ్చా?'

వద్దు అని టైపు చెయ్యబోయాడు రూళ్ళకర్ర. ఇంతలో ఫోను మోగింది. ఇంటి నుంచి భార్య. ఇల్లు రెండు వీధుల అవతల.

"ఏవండీ, మా తమ్ముడికేం మందు పెట్టారు? గుమ్మంలో నిలబడి 'రమ్మంటావా అక్కా' అంటున్నాడు! ఇంత వానలో తడవనన్నా తడవలేదు. కాళ్ళకి చెప్పుల్లేవు…"

ఆయన షట్టరు వైపు చూశాడు. కాళ్ళు ఉన్నాయి. ఇక్కడే ఉన్నాయి.

"పిలవకు! విన్నావా? పిలవకు!"

"ఏంటీ? వానలో సరిగ్గా వినపడట్లేదు, ఉండండి." ఆవిడ నవ్వు, ఫోనుకి కాస్త దూరంగా. "ఇదెక్కడి మర్యాదరా నీకు కొత్తగా? రా లోపలికి."

మేనకోడలి చెయ్యి టప్పున పడిపోయింది.

"మామయ్యా… బరువు పోయింది."

షట్టరు కింద నీలం పట్టీల చెప్పులు. వాటిలో కాళ్ళు లేవు. ఇంట్లోకి వెళ్ళే మనిషి విడిచినట్టు, పక్కపక్కన, పొందిగ్గా. జన్మలో గుమ్మం దగ్గర చెప్పులు విప్పనివాడి చెప్పులు. వాన ఇప్పుడే వాటిని తడుపుతోంది.

"ఏమే… వినపడుతోందా? ఏమే!"

భార్య పలకలేదు. ఫోను మాత్రం కట్టవ్వలేదు. వంటింట్లో మూత లేపిన చప్పుడు. ఒకటి. ఆయన ఫోను చెవికి నొక్కుకున్నాడు. ఇంకోటి. వాడే, మా వాడే, అనుకున్నాడు. మూడోది. పొయ్యి దగ్గరి మూడు గిన్నెలూ అయ్యాయి. ప్రాణం కుదుటపడి, మేనకోడలి వైపు చూసి నవ్వబోయాడు.

నాలుగో మూత లేచింది.

తర్వాత ఐదోది…