పదమూడు ఇళ్ళ తొలి అరిసె

పదహారేళ్ళ వయసులో కృపానిధి ఒక క్రిస్మస్ రోజున నలభై ఒక్క అరిసెలు తిని, ఆ పొట్టతోనే సైకిలెక్కి రాజాం వెళ్ళొచ్చాడు. ఇందులో ఒక్క అరిసె కూడా అబద్ధం కాదు, కావాలంటే ఒట్టు.

ఆ కృపానిధికి ఇప్పుడు అరవై ఎనిమిది. ఎడమకాలి బొటనవేలికి మానని పుండు, దానిమీద కట్టు. షుగరు ఇలాగే ఉంటే సంక్రాంతిలోపు వేలు తీసేయాల్సి వస్తుందని రాజాం డాక్టరు చెప్పిన దగ్గరనుంచీ, అతని భార్య వెంకటలక్ష్మి లేస్తూనే ముందు ఆ వేలు చూస్తుంది, తరువాతే మొగుడి మొహం.

వాళ్ళ పేటలో వీళ్ళది కాక బాప్టిస్టు కుటుంబాలు పదమూడు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చేస్తాడు. ఆమెన్ అనగానే ఇంటావిడ తొలి అరిసె ఆయన చేతిలో పెడుతుంది. ఆయన కొరికితేగానీ ఆ ఇంటి పిల్లలు పళ్ళెం ముట్టరు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పెద్ద కృపానిధే.

ఆ పొద్దున అతను తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటే వెంకటలక్ష్మి ఉప్మా పళ్ళెం పట్టుకొచ్చింది.

"ఆకలి నేదే," అన్నాడు.

"ఈ యేడు ఇంకెవుల్నైనా పంపీకూడదేటి బావా?"

"తొలి అరిసె ఒద్దంటే ఆ ఇంటిమీద అలిగినట్టే. అయినా ఏటని సెప్పమంతావు? అందరి రోగాలకీ ప్రార్థన సేసినోడిని, నాకే రోగమని సెప్పుకోమంతావా?"

మరో రోజైతే ఆమె గొడవపడేది. ఇవాళ నోరు మూసుకుంది. ఎందుకంటే నాలుగు రోజులుగా, ఇతను మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా, ఆమె పదమూడు గడపలూ ఎక్కి దిగింది. "మా బావ సేతిలో అరిసె ఎట్టొద్దమ్మా, నాలుగు ఉడకేసిన పెసలు ఎట్టండి," అని బతిమాలింది.

ఆరాధన అయింది. మొదటి ఇంట్లో పెసలు. రెండో ఇంట్లోనూ పెసలే. నాలుగో ఇంట్లో జగ్గమ్మ గిన్నె పట్టుకుని తలవంచుకునేసరికి కృపానిధికి అర్థమైపోయింది. అయిదో ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా ఇంటికొచ్చాడు.

"ఊరందరికీ సెప్పీసినావా?"

"సెప్పినాను."

"పద్దెనిమిదేళ్ళ పెద్దరికం! పిడికెడు పెసలకి తెచ్చీసినావు కదే!"

"పెద్దరికం నిలబడ్డానికి కాలుండాలి కదా! వేలు తీసేత్తే నువ్వు ఒక్కడివే కుంటుతావేటి? నీతోపాటు నాను కుంటనా?"

అతను ఏదో అనబోయాడు. మాట ముద్దగా వచ్చింది. నుదురంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. కోపమేనేమో అనుకుంది వెంకటలక్ష్మి. కోడలు రూబీ అలా అనుకోలేదు. ఆమె ఆసుపత్రిలో నర్సు. పరుగున షుగరు చూసే మిషను తెచ్చి మావగారి చేతివేలు పొడిచింది.

"నలభై ఆరు! షుగరు పడిపోయింది అత్తా! మావయ్యా, పొద్దున్న షుగరు మాత్రలు ఎన్ని వేసుకున్నారు?"

కృపానిధి రెండు వేళ్ళు చూపించాడు.

"పదమూడు అరిసెలు... తినాలి కదా అని... ఒకటి ఎక్కువేసినాను." అరిసెలకి చోటుండాలని ఉప్మా కూడా మానేశాడు.

పదమూడు ఇళ్ళలో బెల్లాన్ని అడ్డుకున్న వెంకటలక్ష్మి, గ్లాసు నీళ్ళలో పంచదార కలిపి మొగుడి నోటికి అందించింది. ఒక్కొక్క గుక్కే మింగుతుంటే ఆమె కళ్ళనీళ్ళు అతని తెల్ల చొక్కామీద పడ్డాయి.

"నీకు సెప్పకుండా నాను సేసినాను. నాకు సెప్పకుండా నువ్వు సేసినావు. ఇద్దరం కలిసి నిన్ను సంపీబోయినాం బావా."

అతను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కొంచెం తేరుకోగానే రూబీ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ మాత్ర పనిచేసినంతసేపూ షుగరు మళ్ళీ పడొచ్చని సాయంత్రందాకా అక్కడే ఉంచారు.

ఇంటికొచ్చేసరికి అరుగు నిండా జనం. అతను వెళ్ళలేకపోయిన ఇళ్ళవాళ్ళంతా, వాళ్ళతోపాటు జగ్గమ్మా పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. ఒక్క పిల్లాడూ అరిసె ముట్టలేదు.

కృపానిధి గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నాకు షుగరు," అన్నాడు పైకి. "వేలికి పుండున్నాది. ఈసారి మీరే నాకోసం ప్రార్థన సెయ్యండి."

జగ్గమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఆమెన్ అన్నాక కృపానిధి తొలి అరిసె తీసుకున్నాడు. పక్కనే నిలబడ్డ వెంకటలక్ష్మి ఆపడానికి చెయ్యి చాచింది. అతను వంగి, అందరికంటే చిన్న పిల్ల నోట్లో ఆ అరిసె పెట్టాడు.

"ఇకమీద తొలి అరిసె పిల్లలదే," అన్నాడు. ఆపైన భార్యవైపు తిరిగి, "నా పెసలేవే?" అన్నాడు.

కథంతా జరిగినట్టే చెప్పాను. ఆ నలభై ఒక్క అరిసెలు మాత్రం నా కల్పన. తిన్నవి పదకొండే. సైకిలు కూడా లేదు పాపం, కడుపు పట్టుకుని రెండు రోజులు మంచంమీదే ఉన్నాడు.