తలకిందుల టిక్కులు

రాజ్యం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. కొంగు నలుపుకుంటూ, గుంటూరులోని ఆ ఇరుకు డిటెక్టివ్ ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతూనే చెప్పింది.

"రేపు పొద్దున్నే మా ఆయన ట్రాక్టరెక్కుతానంటున్నాడమ్మా. పక్షవాతం తగ్గింది గానీ, ఎడమ పక్కన ఏముందో ఆయన బుర్రకెక్కడం లేదు. కంచంలో కుడి సగమే తిని లేస్తాడు. ఆస్పత్రిలో తలకి అయస్కాంతం మెషిన్ పెట్టి మెదడుకి వైద్యం చేస్తున్నారు. కనబడ్డ బొమ్మలన్నిటికీ టిక్కు పెట్టమని పరీక్ష పెట్టి, బాగైపోయిందని కాగితమిచ్చారు. ఇంట్లో చూస్తే అదే సగం కంచం. పరీక్ష పెట్టిన ఆ ఆస్పత్రి అమ్మాయి క్రిస్టీనాయే దొంగ టిక్కులు పెట్టి ఉంటుంది."

డిటెక్టివ్ బిందుమాధవి కాగితం అందుకుంది. నిండా చిన్న చిన్న నక్షత్రాలు, ప్రతిదాని మీదా టిక్కు. చాలాసేపు చూసి సహాయకుడు జాన్ బాషాకిచ్చింది. కుడి సగంలో టిక్కులు మామూలుగానే ఉన్నాయి. ఎడమ సగంలోవన్నీ తలకిందులుగా ఉన్నాయి. బాషాకి బుర్ర గోక్కోవడం తప్ప ఏమీ తోచలేదు.

"మీ ఆయన ఏం పని చేసేవారు?" బిందుమాధవి అడిగింది.

"నలభై ఏళ్లు యార్డులో మిర్చి చూశాడు. చేటలో పోసి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరడంలో ఆయన తర్వాతే ఎవరైనా."

బిందుమాధవి లేచి చెప్పులు వేసుకుంది. మేడమ్‌కి ఏదో దొరికిందని బాషాకి అర్థమైంది. అది తనకెందుకు దొరకదని ఎప్పటిలాగే ఉడుక్కున్నాడు.

సాయంత్రం రాజ్యం భర్త యలమందయ్య వాకిట్లో అందరూ చేరారు. ఆయనకి వైద్యం చేస్తున్న డాక్టర్ జయపాల్ గడియారం చూసుకుంటున్నాడు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో క్రిస్టీనా ముఖం పాలిపోయింది. బిందుమాధవి వెడల్పాటి పట్టా మీద మిర్చి పరిపించింది.

"తాలు ఏరండి బాబాయ్. పట్టా మాత్రం కదపొద్దు."

యలమందయ్య కుడి సగం చకచకా ఏరి, "అయిపోయింది" అన్నాడు. ఎడమ వైపు తాలుకాయలన్నీ అలాగే ఉన్నాయి. ఈసారి ఆమె చేట ఇచ్చింది. కుడి సగం ఏరగానే ఆయన చేతులు వాటంతటవే చేటను తిప్పేశాయి. ఎడమ సగం కుడివైపుకొచ్చింది. ఒక్క తాలుకాయ మిగల్లేదు.

"దొంగ ఎవరూ లేరు. సగం ఏరాక చేట తిప్పడం ఆయన చేతుల అలవాటు. కాగితాన్నీ అలాగే తిప్పారు. అందుకే ఎడమ టిక్కులు తలకిందులయ్యాయి. క్రిస్టీనా, అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"మెషిన్ సర్దుతున్నానండి. ఆఖర్న కాగితం మాత్రమే చూశాను."

"కాగితాన్ని బల్లకి అంటించాల్సింది," అన్నాడు జయపాల్ తల దించుకుని. "తప్పు మాదే. వైద్యం ఇంకా చెయ్యాలి."

"మరి ట్రాక్టరు?" అడిగాడు యలమందయ్య.

"చేటనైతే తిప్పొచ్చు బాబాయ్. రోడ్డును తిప్పలేం. ఎడమ పక్క నుంచి ఏ పిల్లాడో పరిగెత్తుకొస్తే?"

ఆయన మొలలోంచి ట్రాక్టరు తాళంచెవి తీశాడు.

"రాజ్యానికిచ్చేస్తాను. మనిషి ఎక్కడికి పోయింది?"

రాజ్యం ఆయన ఎడమ భుజానికి ఆనుకునే నిలబడి ఉంది. ఆమె ఆయన వెనకనుంచి తిరిగి కుడి పక్కకొచ్చి చెయ్యి చాపింది.