అరటి కడుపులో కుంభకర్ణుడు

గార్లదిన్నె పక్కన ఒక టిష్యూ కల్చర్ నర్సరీ. దాని ఎరువు గుంతలో అరటి శాస్త్రవేత్త డాక్టర్ హరినాథ్ శవం. నోటి నిండా కుళ్లిన అరటిపండ్లు కుక్కి ఉన్నాయి.

ఏజెంట్ తిప్పేస్వామి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. కంపు ఆగలేదు. చంపినవాళ్ల మీద పుట్టిన రోత అసలే ఆగలేదు.

చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్ గురగురలాడింది. ఢిల్లీ నుంచి చీఫ్.

"ఆపరేషన్ కుంభకర్ణ. విను. అరటి డీఎన్‌ఏ లోపల ఒక పాత వైరస్ డీఎన్‌ఏ ఇరుక్కుని ఉంది. ఎన్ని యుగాలుగానో నిద్ర. మొక్కే దానికి తాళం వేసి పెట్టుకుంది. ఒక విదేశీ ముఠా ఆ తాళం ఊడగొట్టే కెమికల్ తయారుచేసింది. అది కనిపెట్టాడనే హరినాథ్‌ని చంపారు. టానిక్ అని తోటల డ్రిప్పు పైపుల్లో వదిలితే చాలు, వైరస్ లేస్తుంది. ఆకులు చారలు పడి తోట చస్తుంది."

"వాళ్లకేం లాభం సార్?"

"ఆ వైరస్ లేని అరటి మొక్కలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. పేటెంట్‌తో సహా. ఇక్కడ ట్రయల్, తర్వాత దేశమంతా. ముఠాలో మన మనిషి హేమావతి. ఉరవకొండ దారిలో, ఉమ్మడి బోరు దగ్గర కలుస్తుంది. కోడ్ వర్డ్: గెల ముదిరింది."

తిప్పేస్వామి థూ అని ఉమ్మాడు. రోగమూ వాళ్లే అమ్ముతారు, మందూ వాళ్లే అమ్ముతారు. వానలు మొహం చాటేసిన నేల మీద, శనక్కాయతో విసిగి అరటి పెట్టుకున్న జనం మీదా ట్రయల్!

డ్రిప్ మెకానిక్ వేషంలో వెళ్లాడు. అక్కడి తోటలన్నిటికీ ఒకటే బోరు. నీళ్లు వంతుల ప్రకారం. ఒకరి వంతులో ఇంకొకరు వాల్వు ముట్టుకుంటే అంతే సంగతులు.

గట్టు మీద మారెక్క అడ్డం వచ్చింది. చేతిలో కొడవలి.

"ఏమప్పా మెకానిక్కు, ఈ దినం నా వంతు. ఒక్క చుక్క పోయినా నీ తోలు ఒలుస్తా. ఈ గెలలు చేతికి రాకుంటే నేను బెంగుళూరు పోయి ఇటుకలు మోయాల్సిందే."

"నీ నీళ్లు నాకెందుకు లేక్కా!"

మోటరు షెడ్డులో మందు కలిపే ట్యాంకు పక్కన హేమావతి నిలబడి ఉంది. నెమలికంఠం రంగు ధర్మవరం పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఎరువు గుంత కంపు ఇంకా ముక్కులోనే ఉందేమో, ఆమె సెంటు వాసనకు అతను మళ్లీ కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు.

"గెల ముదిరింది," అన్నాడు.

"కోసే కత్తి నాదే," అంటూ పిస్టల్ గురిపెట్టింది.

ఆమె పక్కన ఫోన్‌లో వీడియో కాల్. ఏసీ గదిలో ముఠా బాస్ నోరంతా తెరిచి చప్పరిస్తూ అరటిపండు తింటున్నాడు.

"హరినాథ్‌ని చంపింది నువ్వేనా?" తిప్పేస్వామి ఆమెను అడిగాడు.

"పండ్లంటే ప్రాణం కదా ఆయనకి. తినిపించా."

"నువ్వీ జిల్లా బిడ్డవే గదే! సిగ్గు లేదా?"

"మగ్గం గుంతలో పుట్టినదాన్ని. మట్టితో నాకేం పని?"

ట్యాంకు నిండా ఎర్రటి ద్రవం. ఆమె చెయ్యి వాల్వు మీదుంది. బెల్టులోని గన్ తీసే వ్యవధి లేదు. సగ్గుబియ్యమంత స్మోక్ బాంబు బొత్తాంలో ఉంది, దాన్నీ తెంపాలి. తిప్పేస్వామి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"మారెక్కా! నీ వంతు నీళ్లు ఎత్తకపోతాండారు!"

హేమావతి పకపకా నవ్వింది. "నీళ్ల కోసం ఎవరొస్తారు?"

మగ్గం తెలిసినదానికి బోరు తెలియదు. ఆమె వాల్వు తిప్పీ తిప్పకముందే అరటి ఆకులు చీలుకుని మారెక్క వచ్చింది. వెనక బోరు కింది రైతులంతా వచ్చారు. ఈరోజు మారెక్క వంతు పోతే రేపు ఎవరి వంతైనా పోతుంది. మారెక్క విసిరిన చెప్పు పిస్టల్ పట్టిన చేతికి తగిలింది. పిస్టల్ పేలి గుండు షెడ్డు రేకుల్లోకి పోయింది. రైతులు హేమావతి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"నేను టానిక్..." అంది హేమావతి.

"టానిక్కు గీనిక్కు కాదే! వంతు ఎవరిది?"

తిప్పేస్వామి దూకి ట్యాంకు వాల్వూ, మెయిన్ వాల్వూ రెండూ బిగించాడు. ప్లాస్టిక్ ట్యూబులో ఎర్ర నీళ్లు మెయిన్ పైపుకు బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. బురదలో పడిన ఫోన్‌లో బాస్ నమలడం ఆపాడు. తిప్పేస్వామి ఆ మొహం మీద చెప్పుకాలు పెట్టి తొక్కాడు.

ఇయర్‌పీస్ పలికింది. "రిపోర్ట్?"

"హేమావతి మన మనిషి కాదు సార్. పట్టుకున్నాం. ఇంకా..."

"పట్టుకుంటే సరా?" మారెక్క అతని చొక్కా పట్టుకుంది. "నా వంతులో వాల్వు కట్టేసినావు. నా చెట్లకు నీళ్లెవరు పోస్తారు, నీ నాయనా?"

ఆ ట్యాంకూ పైపులూ కడిగి పరీక్ష చేసేదాకా మెయిన్ వాల్వు తెరవడానికి లేదు. అవతల, ఈ తోటలకు ఎక్కని పల్లపు కాలువలో నీళ్లున్నాయి, మోసుకొచ్చి పోయాలి. మారెక్క కొడవలి ఇంకా చేతిలోనే ఉంది.

"వెల్ డన్," అన్నాడు చీఫ్. "హెలికాప్టర్ పంపమంటావా?"

"వద్దు సార్. రెండు బిందెలు పంపండి."