వడ్ల గోదాంల మూలుగు

గరిడేపల్లి అవతల పాత వడ్ల గోదాం ఉండేది. పొద్దుగూకినంక ఆ బాట పట్టేటోడు లేడు. లడాయి రోజుల్ల సర్కారోళ్లు పట్టుకపోయినోళ్లను అండ్లనే పెట్టిన్రు. కొందరు బయటికొచ్చిన్రు... కొందరు రాలే. రాత్రయితే లోపల ఎవరో నీళ్ల కోసం మూలుగుతరని ఊరంత చెప్పుకునేది.

మా మేనత్త లచ్చమ్మ చెప్పిన ముచ్చట ఇది. లడాయి సల్లబడ్డ మరుసటేడు పట్నం నుంచి ప్రభాకర్ సారు తన శిష్యుడు కిషన్‌ను ఎంటబెట్టుకొని వచ్చిండు. కాలేజీల మనసు గురించి పాఠం చెప్తడట. భయమైతే మనిషి నాడి ఎట్ల ఉరుకుతదో చూస్తనన్నడు. ఒకనాటి రాత్రి ఊరోళ్లను గోదాం కాడికి పిలిచి, లోపటి మూలకు దీపం పెట్టిన, ఒక్కొక్కరు పోయి దాన్ని ముట్టుకొని రావాలన్నడు.

"లోపల ఏం లేదు," అని గట్టిగ చెప్పిండు.

ముందుగాల పోయినోళ్లు ఇద్దరూ ఉరికొచ్చిన్రు. మూలుగు విన్నమన్నరు. సారు వాళ్ల నాడి పట్టి చూసి రాసుకున్నడు.

ఇగ బక్కమ్మ లేచింది. ఆమె పెనిమిటి ముత్తయ్యను ఆ గోదాంకే తీస్కపోయిన్రు. శవం గూడ దొరకలే. పోవద్దని మా అత్త కొంగు పట్టుకున్నది. బక్కమ్మ ఇడిపించుకొని పోయింది.

"నీళ్లు..."

బయటున్నోళ్లకు గూడ ఆ మూలుగు వినొచ్చింది. ఉరికొస్తదనుకున్నరు. రాలే. అడుగుల సప్పుడు లోపలికే పోయింది — ఇంకా లోపలికి...

"ఏమయ్యా... నువ్వేనా?"

మూలుగు ఆగిపోయింది.

జర సేపటికి బక్కమ్మ ఒకరి జబ్బ పట్టి గుంజుకొచ్చింది. గొంగడి కప్పుకున్న మనిషి. సారు శిష్యుడు కిషన్! తలకాయ ఎత్తలేక వెక్కివెక్కి ఏడుస్తున్నడు.

ముందే చెప్తే అసలు భయం పుట్టదు, పరీక్ష పాడైతది, అందుకే దాచిననని సారు తడబడుకుంట చెప్పిండు. చెప్పుకుంటనే బక్కమ్మ నాడి పట్టబోయిండు.

ఆమె చెయ్యి ఎనుకకు తీసుకున్నది.

"నేను భయపడలే సారూ," అన్నది మెల్లగ. "బతికున్నడనుకున్న."



"నా మనసుల ఏమున్నదో నీ కాయితంల రాయకు. నన్ను అడిగి మొదలుపెట్టలే నువ్వు."

గంతే. పోయి గోదాం గడప మీద కూసున్నది. తెల్లారేదాంక ఒక్కరిని లోపలికి పోనియ్యలే — దీపం తెచ్చుకుంటనని బతిమాలిన సారును గూడ.